పిల్లుల్లో అంతర్గత మాస్ట్ కణ క్యాన్సర్

పిల్లుల ప్లీహంలోనో, పేగుల్లోనో, అరుదుగా కాలేయం వంటి ఇతర అవయవాల్లోనో మాస్ట్ కణాలు అదుపు తప్పి పెరగడం వల్ల వచ్చే క్యాన్సర్ ఇది. పశువైద్య గ్రంథాలు దీన్ని విసరల్ మాస్ట్ సెల్ ట్యూమర్ అంటాయి. ఒళ్లంతా పాకిన దశను సిస్టమిక్ మాస్టోసైటోసిస్ అనడం కూడా వాడుకలో ఉంది. పిల్లుల చర్మం మీద వచ్చే మాస్ట్ కణ గడ్డలు ఇంతకంటే ఎక్కువగా కనబడతాయి, వాటిలో చాలామటుకు కోసి తీసేస్తే పోయేవే. లోపలి రూపం అంత తేలికది కాదు. అయితే దీనికో విచిత్రమైన లక్షణం ఉంది. క్యాన్సర్ కణాలు అప్పటికే రక్తంలోకీ, ఎముక మజ్జలోకీ చేరినా సరే, ప్లీహాన్ని తీసేస్తే పిల్లి కోలుకుని నెలలు, ఒక్కోసారి ఏళ్లు మామూలుగా తిరుగుతుంది. 'పాకిపోయాక కత్తి పెట్టి లాభం లేదు' అని ఇతర క్యాన్సర్ల విషయంలో వైద్యులు చెప్పే మాట ప్లీహపు మాస్ట్ కణ క్యాన్సర్‌కు వర్తించదు. పేగుల్లో వచ్చే రూపానికి మాత్రం ఈ వెసులుబాటు లేదు. అందువల్ల వ్యాధి ఉందో లేదో తేల్చడం ఎంత ముఖ్యమో, అది ఏ అవయవంలో ఉందో తేల్చడమూ అంతే ముఖ్యం.

మాస్ట్ కణం చేసే పని

మాస్ట్ కణాలు ఎముక మజ్జలో పుడతాయి. పూర్తిగా ఎదగకముందే రక్తంలోకి దిగి, చర్మం, ఊపిరితిత్తులు, పేగులు వంటి చోట్లకు చేరి అక్కడే స్థిరపడి పెద్దవవుతాయి. బయటి ప్రపంచం శరీరాన్ని తాకే ప్రతిచోటా ఇవి కాపలా ఉంటాయి. పాల్ ఎర్లిక్ 1878లో జర్మనీలోని లైప్‌జిగ్ విశ్వవిద్యాలయానికి సమర్పించిన సిద్ధాంత వ్యాసంలో వీటిని మొదటిసారి వర్ణించి పేరు పెట్టాడు. అప్పట్లో కొత్తగా వచ్చిన అనిలీన్ రంగులను కణజాలాలకు పట్టించి చూస్తున్న ఆయనకు, కొన్ని కణాల్లోని రేణువులు నీలిరంగును పీల్చుకుని ఊదాఛాయకు మారడం కనిపించింది. ఈనాటికీ సూక్ష్మదర్శిని కింద మాస్ట్ కణాన్ని పట్టిచ్చేది ఆ రేణువులే.

ఆ రేణువుల్లో హిస్టమిన్, హెపారిన్, ప్రోటీన్లను తెగ్గొట్టే ఎంజైములు నిండి ఉంటాయి. నులిపురుగులను తరిమేటప్పుడు, గాయం మానేటప్పుడు, అలర్జీ తలెత్తినప్పుడు కణం వీటిని బయటికి వదులుతుంది. కొద్దికొద్దిగా వదిలితే అది శరీర రక్షణ. క్యాన్సర్‌గా మారిన కణాలు కోట్ల సంఖ్యలో పోగై వేళాపాళా లేకుండా వదిలితే అదే విషమవుతుంది. హిస్టమిన్ జఠర గోడలోని హెచ్2 గ్రాహకాలను రెచ్చగొట్టి ఆమ్లాన్ని విపరీతంగా ఊరిస్తుంది. దానివల్ల కడుపులో పుళ్లు, వాంతులు, నల్లటి విరేచనాలు. రక్తనాళాలు ఒక్కసారిగా వదులైతే రక్తపోటు పడిపోయి పిల్లి కూలబడుతుంది. హెపారిన్ వల్ల కోసిన చోట నెత్తురు గడ్డకట్టడం ఆలస్యమవుతుంది, ఎంజైముల వల్ల పుండు మానడం ఆలస్యమవుతుంది. గడ్డ ఎంత పెద్దదన్న దానికంటే ఈ రసాయనాలే పిల్లిని ముందుగా కుంగదీస్తాయి. చికిత్సలో మొదటి రోజునుంచే హిస్టమిన్ విరుగుడు మందులు చేరేది అందుకే.

మాస్ట్ కణం పెరగాలంటే దాని పొరమీద ఉండే కిట్ అనే ప్రోటీన్‌కు బయటినుంచి సంకేతం అందాలి. ఆ ప్రోటీన్ జన్యువులో ఉత్పరివర్తన వస్తే సంకేతం లేకుండానే అది పనిచేస్తూ ఉంటుంది. జపాన్ పరిశోధకులు 2010లో పిల్లుల మాస్ట్ కణ గడ్డలు 62 పరీక్షిస్తే 42 గడ్డల్లో కిట్ ఉత్పరివర్తనలు కనిపించాయి. కుక్కల్లో ఈ మార్పులు ప్రధానంగా జన్యువులోని 11వ ఎక్సాన్‌లో ఉంటే, పిల్లుల్లో 8, 9 ఎక్సాన్లలో ఎక్కువ. కుక్కల మాస్ట్ కణ క్యాన్సర్ గురించి పుస్తకాలు నిండుగా ఉన్నాయి. వాటిలోని శ్రేణులను, అంచనాలను పిల్లికి అలాగే అంటగట్టడం తప్పుదారి పట్టిస్తుందనడానికి ఈ తేడా ఒక్కటి చాలు.

ఏ పిల్లికి వస్తుంది

ఇది వయసు మళ్లిన పిల్లుల జబ్బు. ప్లీహపు రూపం పదేళ్ల ప్రాయంలోనూ, పేగు రూపం ఇంకా ముదిరిన వయసులో, సగటున పదమూడేళ్లకు అటూఇటూగానూ బయటపడుతుంది. చర్మపు గడ్డల్లో సయామీ జాతికి కొంత మొగ్గు ఉందని చాలాకాలంగా తెలుసు. లోపలి రూపానికి అలాంటి జాతి మొగ్గు స్పష్టంగా ఏదీ కనబడలేదు. పిల్లుల్లో లింఫోమాకు దారితీసే ఫెలైన్ లుకేమియా వైరస్‌తో గానీ, రోగనిరోధక శక్తిని దెబ్బతీసే ఎఫ్‌ఐవీతో గానీ దీనికి సంబంధం తేలలేదు. అంటే టీకా వేయించలేదనో, వీధి పిల్లితో తిరగనిచ్చామనో యజమాని నొచ్చుకోవలసిన పని లేదు.

పిల్లి ప్లీహాన్ని పట్టే క్యాన్సర్లలో ఇది ముందువరసలో ఉంటుంది. పేగుల్లో మాత్రం లింఫోమా, అడినోకార్సినోమాల తరవాత మూడో స్థానం దీనిది. చిన్నపేగుకు ఎక్కువ, పెద్దపేగుకు తక్కువ.

లక్షణాలు, వాటిని దాచే సాకులు

ఈ జబ్బు చప్పుడు చేయకుండా వస్తుంది. తిండి తగ్గడం, బరువు తగ్గడం, వారంలో రెండుమూడుసార్లు వాంతి, ఎక్కువసేపు పడుకుని ఉండడం. వీటిలో ఏ ఒక్కటీ ఈ వ్యాధికే ప్రత్యేకం కాదు. పైగా ప్రతిదానికీ ఇంట్లో ఒక సమాధానం సిద్ధంగా ఉంటుంది: వెంట్రుకలు మింగింది, పాలు పడలేదు, బల్లిని తిన్నట్టుంది, వయసైపోయింది. పిల్లి అప్పుడప్పుడు వెంట్రుకల ఉండ కక్కడం మామూలే. కానీ పెద్ద వయసు పిల్లి వారం తరవాత వారం కక్కుతూ సన్నబడుతుంటే ఆ సమాధానాలను పక్కనపెట్టాలి. బరువు తగ్గడం కంటికి కనబడేసరికే చాలా తగ్గి ఉంటుంది, ముఖ్యంగా బొచ్చు ఎక్కువగా ఉండే పర్షియన్ పిల్లుల్లో. పదేళ్లు దాటిన పిల్లిని నెలకోసారి చంకలో పెట్టుకుని బాత్రూము కాటా మీద నిలబడి, తరవాత మనిషి బరువు తీసేసి రాసిపెట్టుకుంటే చాలు. నాలుగు కిలోల పిల్లికి నాలుగు వందల గ్రాములు తగ్గడమంటే పదో వంతు శరీరం పోయినట్టే.

వైద్యుడు పొట్ట తడిమి చూసినప్పుడు ప్లీహపు రూపంలో ఎడమవైపు గట్టిగా, నున్నగా, అంచులున్న పొడవాటి అవయవం చేతికి తగులుతుంది. ఆరోగ్యంగా ఉన్న పిల్లిలో ప్లీహం పలుచగా ఉంటుంది, పట్టీపట్టనట్టు తగులుతుంది. వ్యాధిలో అది పొట్టలో సగం ఆక్రమించేంత ఉబ్బడమూ ఉంది. కొన్నిట్లో పొట్టలోకి నీరు చేరుతుంది. పేగు రూపంలో చేతికి తగిలేది ఒక గట్టి ఉండ. దానితోపాటు విరేచనాలు, వాటిలో నెత్తురు, జ్వరం ఉండవచ్చు. చర్మం మీద ఒకేసారి అనేక చోట్ల చిన్న గడ్డలు లేస్తే అవి లోపలి ప్లీహం నుంచి వచ్చినవి కావచ్చు. అలాంటి పిల్లికి చర్మపు గడ్డలు కోసేసి ఊరుకోకుండా పొట్ట స్కానింగ్ చేయించడం అవసరం.

నిర్ధారణ

ఇతర లోపలి క్యాన్సర్లతో పోలిస్తే ప్లీహపు మాస్ట్ కణ క్యాన్సర్‌ను తేల్చడం సులువే. అది గుర్తుకు రాకపోవడం వల్లనే ఎక్కువగా తప్పిపోతుంది. వాంతులతో వచ్చిన ముసలి పిల్లికి ముందు మూత్రపిండాలు, థైరాయిడ్, కాలేయం పరీక్షిస్తారు. అది సరైన క్రమమే. ఆ రిపోర్టులు బాగున్నాయంటే జబ్బు లేదని కాదు, పొట్టలోకి చూడాల్సిన సమయం వచ్చిందని అర్థం.

అల్ట్రాసౌండ్‌లో ప్లీహం ఉబ్బి, మచ్చలు మచ్చలుగా కనిపించవచ్చు. చూడ్డానికి మామూలుగానే ఉండవచ్చు కూడా. అందుచేత అనుమానం బలంగా ఉన్నప్పుడు, తెరమీద బాగానే కనబడిన ప్లీహానికి కూడా సూది పరీక్ష చేయాలి. పొట్టమీద బొచ్చు గీసి, స్కానింగ్ తెరమీద సూది మొనను చూసుకుంటూ, సన్నటి సూదిని ప్లీహంలోకి పంపి రెండుమూడుసార్లు ముందుకీ వెనక్కీ కదుపుతారు. సిరంజితో లాగాల్సిన పని కూడా ఉండదు, సూదిలో ఇరుక్కున్న కణాలు చాలు. వాటిని గాజు పలక మీదికి ఊది, పలుచగా పరిచి, ఆరబెట్టి రంగు వేస్తారు. పిల్లికి ఇది ఇంజెక్షన్ వేయించుకున్నంత బాధే.

రంగు విషయంలో ఒక మెలిక ఉంది. చాలా క్లినిక్కుల్లో వాడే త్వరిత రంగుల్లో నీటిలో కలిపి తయారుచేసేవి మాస్ట్ కణాల రేణువులకు సరిగా అంటవు. ఎదురుగా మాస్ట్ కణమే ఉన్నా రేణువులు లేని అనామక గుండ్రటి కణంలా కనిపిస్తుంది. మిథనాల్‌లో కరిగించే లీష్‌మన్, గీమ్సా రంగులు వేస్తే అవే కణాలు ఊదా చుక్కలతో నిండి, ఒక్కోసారి మధ్యనున్న కేంద్రకం కూడా కనబడనంతగా బయటపడతాయి. మన దగ్గర పశువైద్య ప్రయోగశాలల్లో రక్త పరాన్నజీవుల కోసం ఈ పాత రంగులు ఎప్పుడూ సిద్ధంగా ఉంటాయి కాబట్టి రెండో పలకకు వాటిని వాడితే సరిపోతుంది.

రక్త పరీక్ష ఇంకో దారి. సన్నని గాజు గొట్టంలో రక్తం నింపి సెంట్రిఫ్యూజ్‌లో తిప్పితే అడుగున ఎర్రకణాలు, పైన ప్లాస్మా, రెండింటికీ మధ్య పాలమీద మీగడలా ఒక తెల్లని సన్నటి పొర తేరుకుంటాయి. దీన్ని బఫీ కోటు అంటారు, తెల్లకణాలన్నీ ఇందులోనే ఉంటాయి. సరిగ్గా ఆ పొర దగ్గర గొట్టాన్ని గీసి విరిచి, పలక మీద తట్టి, పరిచి రంగు వేస్తారు. ప్లీహపు రూపం ఉన్న పిల్లుల్లో సుమారు మూడో వంతు నుంచి సగం దాకా ఈ పొరలో మాస్ట్ కణాలు దొరుకుతాయి. కుక్కల రక్తంలో వాపు వల్ల, ఇన్ఫెక్షన్ల వల్ల కూడా మాస్ట్ కణాలు కనిపిస్తుంటాయి కాబట్టి అక్కడ ఈ పరీక్షకు విలువ తక్కువ. పిల్లిలో ఆ చిక్కు తక్కువ. పిల్లి రక్తంలో మాస్ట్ కణాలు కనబడ్డాయంటే ప్లీహంవైపో పేగులవైపో వెతకాల్సిందే. కనబడకపోతే మాత్రం వ్యాధి లేదని చెప్పలేం.

మిగిలిన పరీక్షలు వ్యాధి ఎంతవరకు వ్యాపించిందో చెబుతాయి. దాదాపు మూడో వంతు పిల్లుల్లో రక్తహీనత ఉంటుంది. పొట్టలో నీరు చేరితే దాన్ని తీసి చూస్తే మాస్ట్ కణాలు, ఇసినోఫిల్స్ అనే తెల్లకణాలు కనబడతాయి. కాలేయానికి, పొట్టలోని లింఫ్ గ్రంథులకు కూడా సూది పరీక్ష చేస్తారు. ఛాతీ ఎక్స్‌రేలో ఊపిరితిత్తుల చుట్టూ నీరుందేమో చూస్తారు. మజ్జ పరీక్ష ఒకప్పుడు తప్పనిసరి అనుకునేవారు. మజ్జలో కణాలున్నా ప్లీహం తీయాలన్న నిర్ణయం మారదు కాబట్టి, ఇతర రక్తకణాలు కూడా పడిపోయిన పిల్లికి తప్ప దాని అవసరం అంతగా లేదు. రక్తం గడ్డకట్టే పరీక్షల్లో తేడాలు తరచుగా కనబడినా, ఆపరేషన్‌లో ఆ తేడాలకు తగ్గంత రక్తస్రావం సాధారణంగా జరగదు. అయినా ముందు చూసుకోవడం మంచిది.

ప్లీహం ఉబ్బడానికి లింఫోమా, రక్తనాళాల క్యాన్సరైన హెమాంజియోసార్కోమా, గోమార్లు అంటిస్తాయని భావించే హీమోప్లాస్మా ఇన్ఫెక్షన్ కూడా కారణం కావచ్చు. వీటిని విడదీయకముందే స్టిరాయిడ్ మొదలుపెట్టడం మన దగ్గర తరచూ జరిగే పొరపాటు. స్టిరాయిడ్ వేయగానే పిల్లి లేచి తింటుంది, ఇంట్లోవాళ్లు సంతోషిస్తారు. కానీ అది లింఫోమా అయితే ఆ నెలలోపే కణాలు కరిగి బయాప్సీకి అందకుండా పోతాయి. సూది పరీక్ష ముందు, స్టిరాయిడ్ తరవాత.

పేగు రూపంలో నిర్ధారణ ఇంత సూటిగా ఉండదు. స్కానింగ్‌లో పేగు గోడ ఒకచోట, తరచుగా ఒకపక్కకే మందమై, పొరల అమరిక చెదిరి కనిపిస్తుంది. సూదికి వచ్చే కణాల్లో రేణువులు పలుచగా ఉంటాయి. పేగు గోడలో ఆరోగ్యకరమైన మాస్ట్ కణాలు ఎలాగూ ఉంటాయి కాబట్టి నాలుగు కణాలు కనబడినంత మాత్రాన క్యాన్సర్ అనడానికి వీల్లేదు. ముక్క తీసి, టొలుయిడిన్ బ్లూ రంగుతోనూ, కిట్ ప్రోటీన్‌ను గుర్తించే ఇమ్యునోహిస్టోకెమిస్ట్రీతోనూ పరీక్షించాలి. 2010లో అమెరికా రోగనిర్ధారణ నిపుణులు యాభై పిల్లుల పేగు గడ్డల ఆధారంగా, నారలాంటి కొల్లాజెన్ దట్టంగా అల్లుకుపోయిన ఒక ప్రత్యేక రకాన్ని వర్ణించారు. వాటిలో కొన్ని అసలు క్యాన్సరే కాదనీ, ఇసినోఫిల్స్‌తో నిండిన, గట్టిపడిన వాపు గడ్డలనీ ఇతరులు వాదించారు. ఆ వాదన ఇంకా తెగలేదు. వాపు గడ్డకు మంచి భవిష్యత్తు, క్యాన్సర్‌కు చెడ్డ భవిష్యత్తు కాబట్టి, అలాంటి రిపోర్టు చేతికొచ్చినప్పుడు రెండో నిపుణుడికి పలకలు చూపించడం వృథా ఖర్చు కాదు.

ప్లీహం తొలగింపు

1979లో అమెరికన్ పశువైద్య పత్రికలో వచ్చిన ఒక సమీక్ష ఏడు పిల్లులకు ప్లీహం తీసేసిన ఫలితాలను వివరించింది. ఒళ్లంతా పాకిన క్యాన్సర్‌లో ఒక్క అవయవాన్ని తీస్తే మేలు జరుగుతుందన్న ఆలోచన అప్పటినుంచి నిలదొక్కుకుంది. ఎందుకు జరుగుతుందన్న దానికి ఒక సమంజసమైన వివరణ ఉంది: గడ్డ భారంలో అత్యధిక భాగం, దానితోపాటు హిస్టమిన్ ఊరే కార్ఖానా కూడా ప్లీహంలోనే ఉంటుంది. అది పోతే వాంతులు తగ్గి, ఆకలి తిరిగొచ్చి, మిగిలిన కొద్ది కణాలను శరీరం కొంతకాలం మోయగలుగుతుంది.

2015లో ప్రచురితమైన అధ్యయనంలో ప్లీహం తీసిన 36 పిల్లుల మధ్యస్థ ఆయుష్షు 390 రోజులు. 2018లో 64 పిల్లులపై వచ్చిన మరో అధ్యయనంలో ప్లీహం తీసినవాటికి 856 రోజులు, తీయనివాటికి 342 రోజులు. ఆ రెండో అధ్యయనంలో ఇంకో సంగతి గమనించదగ్గది. ప్లీహం తీసి కీమోథెరపీ కూడా ఇచ్చిన పిల్లులకు 856 రోజులు వస్తే, ప్లీహం మాత్రమే తీసినవాటికి 853 రోజులు వచ్చాయి. ఆపరేషన్ లేకుండా కీమో మాత్రమే ఇచ్చినవాటికి 244. గుంపులు చిన్నవి, ఏ పిల్లికి ఏ చికిత్స అన్నది చీటీ వేసి తేల్చింది కాదు, జబ్బు ముదిరిన పిల్లులకే కీమో ఇచ్చి ఉండవచ్చు. అయినా, డబ్బు ఒక్కదానికే ఉన్న కుటుంబం దాన్ని ఆపరేషన్ మీద పెట్టాలని చెప్పడానికి ఈ అంకెలు సరిపోతాయి.

లింఫ్ గ్రంథులకు పాకడం, ఆపరేషన్ వేళకు రక్తం ఎక్కించాల్సి రావడం, బాగా బరువు తగ్గి తిండి మానేసి ఉండడం అంత మంచి సూచనలు కావు. రక్తంలో మాస్ట్ కణాలు ఉండడం మాత్రం ఆపరేషన్ మానుకోవడానికి కారణం కాదు.

కోతకు ముందు తయారీలో అశ్రద్ధ చేస్తే బల్లమీదే ప్రమాదం. ప్లీహాన్ని ఎక్కువగా నలిపినా, పిసికినా కణాల్లోని రేణువులు ఒక్కసారిగా బయటపడి రక్తపోటు కుప్పకూలుతుంది. అందుకని ముందే హెచ్1 గ్రాహకాలకు అడ్డుపడే మందు ఇస్తారు. విదేశీ పుస్తకాల్లో డైఫెన్‌హైడ్రమిన్ అని ఉంటుంది, మన వైద్యుల చేతిలో ఎప్పుడూ ఉండే ఫెనిరమిన్ ఇంజెక్షన్, అంటే అవిల్, అదే కోవకు చెందింది. హెచ్2 కోసం ఫామోటిడిన్, వీటితోపాటు డెక్సామెథసోన్. నొప్పి మందుల్లో మార్ఫిన్, పెథిడిన్ స్వయంగా హిస్టమిన్‌ను విడుదల చేయిస్తాయి కాబట్టి వాటిని వదిలి బ్యూప్రెనార్ఫిన్, ఫెంటానిల్ వంటివి ఎంచుకుంటారు. సెలైన్ ఎక్కించే సూది ముందే పెట్టి, ఆపరేషన్ పొడుగునా రక్తపోటు చూస్తూ ఉండాలి. సర్జన్ ముందుగా ప్లీహపు రక్తనాళాలను కట్టేసి, అవయవాన్ని వీలైనంత తక్కువ తాకి బయటికి తీస్తాడు. అదే కోతలో కాలేయం నుంచి, లింఫ్ గ్రంథుల నుంచి చిన్న ముక్కలు తీసుకోవడం పరిపాటి.

రక్తం ఎక్కించాల్సి వస్తే గ్రూపు చూడకుండా ఎక్కించరాదు. పిల్లులకు ఎ, బి, ఎబి అనే గ్రూపులు ఉంటాయి. బి గ్రూపు పిల్లి రక్తంలో ఎ గ్రూపుకు వ్యతిరేకంగా బలమైన ప్రతిరక్షకాలు పుట్టుకతోనే వస్తాయి. దానికి ఎ గ్రూపు రక్తం కొన్ని చుక్కలు పడినా ప్రాణం మీదికి వస్తుంది. కుక్కకు మొదటిసారి గ్రూపు చూడకపోయినా నడిచినట్టు పిల్లికి నడవదు.

ప్లీహం లేకుండా పిల్లి బతకగలదు. ఒక జాగ్రత్త మాత్రం ఉంది. అప్పటిదాకా అణిగి ఉన్న హీమోప్లాస్మా ప్లీహం పోయాక విజృంభించవచ్చు. ఏడాది పొడుగునా గోమార్లు ఉండే మన వాతావరణంలో వాటి నివారణ మందు క్రమం తప్పకుండా వేయడం అవసరం.

మందులు

స్టిరాయిడ్లలో పిల్లులకు ప్రెడ్నిసోలోన్ ఇవ్వాలి, ప్రెడ్నిసోన్ కాదు. రెండోదాన్ని పనిచేసే రూపంలోకి మార్చుకోవడం పిల్లి శరీరానికి సరిగా చేతకాదు. మన మందుల దుకాణాల్లో వైసోలోన్ వంటి పేర్లతో దొరికేది ప్రెడ్నిసోలోనే కాబట్టి ఇక్కడ ఆ బెడద లేదు. ఎక్కువకాలం వాడితే పిల్లుల్లో చక్కెర జబ్బు రావచ్చు. నీళ్లు ఎక్కువగా తాగడం మొదలైతే వైద్యుడికి చెప్పాలి.

కీమోథెరపీలో ఎక్కువగా పరిశీలించిన మందు లోమస్టీన్. 1999 నుంచి 2005 దాకా చికిత్స పొందిన 38 పిల్లుల సమాచారం ప్రకారం సగం పిల్లుల్లో గడ్డలు తగ్గాయి. తెల్లకణాలను, ప్లేట్‌లెట్లను పడగొట్టడం దీని దుష్ఫలితం, కాబట్టి ప్రతి విడతకు ముందూ తరవాతా రక్త పరీక్ష తప్పదు. విన్‌బ్లాస్టిన్, క్లోరాంబ్యూసిల్ కూడా వాడుకలో ఉన్నాయి. క్లోరాంబ్యూసిల్‌ను పిల్లులు బాగానే తట్టుకుంటాయి.

కిట్ ప్రోటీన్‌కు అడ్డుపడే మందులు ఈ రంగంలోకి ఆలస్యంగా వచ్చాయి. టొసెరానిబ్‌కు 2009లో అమెరికా ఎఫ్‌డీఏ కుక్కల కోసం అనుమతి ఇచ్చింది. పిల్లులకు అది అనుమతి పరిధికి బయట, వైద్యుల విచక్షణ మీద వాడుతున్నారు. 2018లో యాభై పిల్లుల అనుభవం ప్రచురితమైంది: వాటిలో 80 శాతానికి గడ్డ తగ్గడమో, పెరగకుండా ఆగడమో జరిగింది. ప్లీహం, కాలేయం రూపాల్లో మందు పనిచేసిన మధ్యస్థ కాలం 48 వారాలు, పేగు రూపంలో 23 వారాలు. ఇమాటినిబ్ కూడా కిట్‌ను అడ్డుకునేదే. మనుషుల రక్త క్యాన్సర్‌కు వచ్చిన ఈ మందును కిలో బరువుకు రోజుకు పది మిల్లీగ్రాముల చొప్పున పిల్లులకు వాడి ఫలితం చూసినవారున్నారు. ఈ మందుకు తెలుగు నేలతో గట్టి సంబంధం ఉంది. హైదరాబాద్‌కు చెందిన నాట్కో ఫార్మా దీన్ని వీనాట్ పేరుతో చవకగా తయారుచేసింది. మందును మొదట తెచ్చిన నోవార్టిస్ సంస్థ పేటెంటు దరఖాస్తును ఎదిరించినవారిలో నాట్కో కూడా ఒకటి. ఆ వివాదంలో సుప్రీంకోర్టు 2013 ఏప్రిల్ 1న నోవార్టిస్‌కు వ్యతిరేకంగా తీర్పు చెప్పింది. మనుషుల కోసం పోరాడి సాధించిన ఆ చౌకధర ఇప్పుడు పిల్లులకూ కలిసొస్తోంది. అయితే దుకాణంలో దొరికేది వంద, నాలుగు వందల మిల్లీగ్రాముల మాత్ర, నాలుగు కిలోల పిల్లికి కావలసింది నలభై. మోతాదు విడగొట్టి తయారుచేసే పని వైద్యుడి పర్యవేక్షణలో జరగాలి.

కీమో మాత్రలను ఇంట్లో కత్తిరించడం, గొట్టం మాత్రలను విప్పడం చేయకూడదు. మందు ఇచ్చేటప్పుడూ, ఆ రోజుల్లో మట్టిపెట్టె శుభ్రం చేసేటప్పుడూ చేతులకు గ్లౌజులు ఉండాలి. గర్భిణులు ఆ పనికి దూరంగా ఉండాలి.

పేగు రూపం

గడ్డ ఒకేచోట ఉండి, పాకిన ఆనవాళ్లు లేకపోతే కోసి తీయడమే మార్గం. కంటికి కనిపించే గడ్డకు ఇరువైపులా ఐదు నుంచి పది సెంటీమీటర్ల ఆరోగ్యకరమైన పేగుతో సహా తీయాలని పాఠ్యగ్రంథాలు చెబుతాయి, ఎందుకంటే కణాలు గోడలోపల కనబడకుండా దూరం పోతాయి. చాలా పిల్లులకు నిర్ధారణ జరిగేసరికే లింఫ్ గ్రంథులు, కాలేయం పట్టి ఉంటాయి. పాత పుస్తకాలు ఈ రూపానికి దాదాపు ఆశే లేదన్నట్టు రాశాయి. 2018లో 31 పిల్లుల సమాచారం ఆ నిరాశను కొంత సవరించింది: ఆపరేషన్, స్టిరాయిడ్, కీమో ఏదో ఒకటి లేదా కలిపి పొందిన ఆ పిల్లుల మధ్యస్థ ఆయుష్షు 531 రోజులు, దాదాపు మూడో వంతు పిల్లులు వేరే కారణాలతో చనిపోయాయి. వైద్యం చేయించుకునే స్థితిలో ఉన్న పిల్లుల లెక్క ఇది అన్నది మరవకూడదు. అయినా, పేగు రూపం అనగానే చేతులెత్తేయడానికి ఇప్పుడు కారణం లేదు.

ఇంటి దగ్గర

పిల్లి మూడునాలుగు రోజులు తిండి మానేస్తే ఒంట్లోని కొవ్వు కాలేయంలోకి చేరి అదే ఒక ప్రాణాంతక జబ్బవుతుంది, లావుగా ఉన్న పిల్లుల్లో మరీనూ. కాబట్టి క్యాన్సర్ వైద్యం ఎంత ముఖ్యమో తిండి ఎక్కించడమూ అంత ముఖ్యం. వాంతుల మందు, ఆమ్లం తగ్గించే మందు, ఆకలి పెంచే మిర్టజపిన్ ఇచ్చినా తినకపోతే, మెడ పక్కనుంచి అన్నవాహికలోకి గొట్టం వేసి మెత్తటి ఆహారం పంపుతారు. చూడ్డానికి ఇబ్బందిగా ఉన్నా పిల్లులు దీన్ని బాగానే భరిస్తాయి. బలవంతంగా నోట్లో కుక్కితే ఆ తిండి మీదే ఏవగింపు పుడుతుంది.

జ్వరమనో నొప్పి అనో పారాసెటమాల్ వేయకూడదు. డోలో, క్రోసిన్ మాత్ర ఒక్కటి చాలు, పిల్లి ప్రాణం తీయడానికి. మెలాక్సికామ్ వంటి నొప్పి మందులను స్టిరాయిడ్‌తో కలిపితే, ఇప్పటికే హిస్టమిన్ వల్ల పుండు పడిన కడుపు చిల్లు పడవచ్చు.

ఆపరేషన్ తరవాత మొదట నెలకోసారి, స్థిరపడ్డాక రెండుమూడు నెలలకోసారి బరువు, రక్త పరీక్ష, పొట్ట స్కానింగ్ చూస్తారు. బఫీ కోటు పరీక్ష ఇక్కడ మళ్లీ అక్కరకొస్తుంది. ప్లీహం తీశాక రక్తంలో మాస్ట్ కణాల లెక్క బాగా పడిపోతుంది గానీ చాలా పిల్లుల్లో పూర్తిగా పోదు. నెలల తరబడి తక్కువగా నిలిచిన లెక్క మళ్లీ ఎక్కడం మొదలుపెడితే, పిల్లి ఇంకా బాగానే తింటున్నా, కిట్ అడ్డుకునే మందో లోమస్టీనో మొదలుపెట్టే ఆలోచన చేస్తారు.